సైకాలజీ పీహెచ్‌డీ: ముందు గైడ్, తర్వాతే యూనివర్సిటీ

సంపాదకులకు నమస్కారం.

విదేశీ విద్య గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి: యూనివర్సిటీ ర్యాంకు, జీఆర్‌ఈ స్కోరు, గడువు తేదీ, ఫీజు. ఇంజినీరింగ్ ఎంఎస్‌కు ఆ లెక్క కొంతవరకు సరిపోతుంది. అదే లెక్క పట్టుకుని అమెరికాలో సైకాలజీ పీహెచ్‌డీకి దరఖాస్తు చేసినవాళ్లు మాత్రం మంచి మార్కులు ఉండి కూడా పదికి పది చోట్లా సీటు పోగొట్టుకుంటున్నారు. ఎందుకు రాలేదో వాళ్లకు ఎవరూ చెప్పరు. డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే ఈమెయిల్లో విచారం తప్ప కారణం ఉండదు. సైకాలజీ పాఠాలు చెబుతూ, సిఫారసు లేఖలు రాస్తూ, దరఖాస్తులు చదువుతూ ఉన్నవాళ్లం కనుక ఆ కారణాలు మాకు తెలుసు. ఈ ఏడాది దరఖాస్తు పెట్టబోయే మీ పాఠకులకు పనికొస్తాయని రాస్తున్నాం.

సైకాలజీ పీహెచ్‌డీ సీటు యూనివర్సిటీ పేరు మీద వస్తుంది గానీ, చాలా చోట్ల ఆ సీటు ఇచ్చేది ఒక ప్రొఫెసర్. ఆ ప్రొఫెసర్‌కు ఒక ల్యాబ్, ఆ ల్యాబ్‌కు కొన్ని పరిశోధన ప్రశ్నలు, చేతిలో కొంత గ్రాంటు ఉంటాయి. వాటిని బట్టి ఏడాదికి ఒక విద్యార్థిని తీసుకుంటారు. కొన్నేళ్లు ఒక్కరినీ తీసుకోరు. పేరున్న క్లినికల్ సైకాలజీ ప్రోగ్రామ్‌కు వందల్లో దరఖాస్తులు వస్తే చేరేది ఐదు నుంచి పది మంది. ఫైలు తెరవగానే కమిటీ అడిగే మొదటి ప్రశ్న, ఈ అభ్యర్థి ఎవరి దగ్గర పనిచేస్తాడు అని. ఫైల్లో దానికి జవాబు దొరక్కపోతే మార్కులు ఎన్ని ఉన్నా అది పక్కకు పోతుంది. వృద్ధుల జ్ఞాపకశక్తి మీద పని చేయాలనుకునే విద్యార్థి, ఆ అంశం మీద ఒక్క ప్రొఫెసర్ కూడా లేని పెద్ద డిపార్ట్‌మెంట్‌కు దరఖాస్తు పెడితే ఆ ఫీజు నీళ్లలో పోసినట్టే.

అందుకే జాబితా మనుషుల పేర్లతో మొదలు కావాలి. డిసెంబర్ గడువుకు జూన్‌లోనే కూర్చోవాలి. మీకు నచ్చిన అంశం మీద గత మూడేళ్లలో వచ్చిన పరిశోధన పత్రాలు తీసి, వాటి రచయితల జాబితా చివర్లో ఏయే ప్రొఫెసర్ల పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయో రాసుకోండి. సైకాలజీలో చివరి పేరు సాధారణంగా ల్యాబ్ నడిపేవారిది. మొదటి పేరు ఎవరిదో కూడా చూడండి. ఒక ల్యాబ్ నుంచి వచ్చిన పత్రాల్లో మొదటి పేర్లు ఎక్కువగా విద్యార్థులవే అయితే, అక్కడ చేరినవాళ్లకు సొంతంగా రాసే అవకాశం దొరుకుతోందని అర్థం. అన్నిట్లోనూ ప్రొఫెసర్ పేరే ముందుంటే కాస్త ఆలోచించాలి. ఈ చిన్న పరీక్షకు ఒక మధ్యాహ్నం చాలు. ఏ ర్యాంకుల పట్టికా ఈ సంగతి చెప్పదు.

ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ప్రొఫెసర్లు తమ ల్యాబ్ పేజీల్లో వచ్చే ఏడాదికి కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారో లేదో రాస్తారు. రాయని వాళ్లకే ఈమెయిల్ పెట్టాలి. పేజీలో జవాబు కళ్లెదుట ఉండగా అదే అడిగితే, పేజీ చదవలేదని ఒప్పుకున్నట్టు. ఈమెయిల్ 150 పదాలు దాటకూడదు. మీరెవరు, ఏ ప్రశ్న మీద ఏం పని చేశారు, వాళ్ల పత్రాల్లో ఏది చదివి ఏ సందేహం వచ్చింది, వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా అన్న నాలుగు సంగతులు చాలు. సీవీ ఒక్కటే జత చేయాలి. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఐదుగురికి ఒకే ఈమెయిల్ పంపేవాళ్లున్నారు. పక్కపక్క గదుల్లో కూర్చునే ఆ ఐదుగురూ మాట్లాడుకుంటారన్న సంగతి మరిచిపోతారు. పాత ఈమెయిల్ కాపీ చేసి పేరు మార్చడం మరిచినవాళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. జవాబు రాకపోతే రెండు వారాలకు ఒక్కసారి గుర్తు చేయవచ్చు. అప్పటికీ రాకపోతే, పేజీలో విద్యార్థులను తీసుకోవడం లేదని లేనంత వరకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మౌనాన్ని తిరస్కారంగా లెక్కకట్టకండి.

డిగ్రీల విషయంలోనూ గందరగోళం చాలా ఉంది. క్లినికల్ సైకాలజీలో రెండు డాక్టరేట్లున్నాయి. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సదస్సు, క్లినికల్ సైకాలజిస్టు పరిశోధనలోనూ చికిత్సలోనూ సమానంగా తయారు కావాలని నిర్ణయించింది. నేటి క్లినికల్ పీహెచ్‌డీకి మూలం అదే. 1973లో అదే రాష్ట్రంలోని వేల్‌లో జరిగిన సదస్సు, చికిత్సకే ప్రాధాన్యమిచ్చే సై.డి. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) డిగ్రీకి గుర్తింపునిచ్చింది. విద్యార్థి జేబుకు సంబంధించినంత వరకు వీటి తేడా చాలా పెద్దది. పీహెచ్‌డీ ప్రోగ్రామ్‌లు చాలావరకు ట్యూషన్ మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. సై.డి.లో ఎక్కువ చోట్ల ఫీజు మొత్తం విద్యార్థే కట్టుకోవాలి. క్లాసులు రెండింట్లో ఒకేలా కనిపిస్తాయి కదా అని ఈ సంగతి చూసుకోకుండా చేరి, అప్పులో కూరుకుపోయేవాళ్లున్నారు.

అక్రెడిటేషన్ గురించి ఒక మాట. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అంటే ఏపీఏ, డాక్టరేట్లలో గుర్తింపునిచ్చేది క్లినికల్, కౌన్సెలింగ్, స్కూల్ సైకాలజీ లాంటి సేవారంగ ప్రోగ్రామ్‌లకు మాత్రమే. కాగ్నిటివ్, సోషల్, డెవలప్‌మెంటల్ సైకాలజీ పీహెచ్‌డీలకు ఏపీఏ గుర్తింపు అనేదే ఉండదు. అది కనబడలేదని మంచి కాగ్నిటివ్ ప్రోగ్రామ్‌ను జాబితాలోంచి కొట్టేయడం పొరపాటు. క్లినికల్ ప్రోగ్రామ్‌కు ఆ గుర్తింపు లేకపోతే మాత్రం లైసెన్స్ దగ్గర, అంతకంటే ముందే ఇంటర్న్‌షిప్ దగ్గర, చాలా తలుపులు మూసుకుపోతాయి. ఇంకోటి, అక్కడ చాలా రాష్ట్రాల్లో మాస్టర్స్‌తో సైకాలజిస్టు లైసెన్స్ రాదు. మాస్టర్స్‌తో కౌన్సెలర్‌గా పని చేయాలనుకునేవాళ్లు సైకాలజీ ఎంఏ బదులు, లైసెన్స్‌కు దారితీసే కౌన్సెలింగ్ మాస్టర్స్ చూసుకోవాలి.

ఏపీఏ గుర్తింపు ఉన్న ప్రతి డాక్టోరల్ ప్రోగ్రామ్ తన వెబ్‌సైట్లో ఒక పట్టిక తప్పనిసరిగా పెట్టాలి. ప్రవేశాలు, ఫలితాలు, ఇతర సమాచారం అన్న అర్థం వచ్చే పేరుతో ఉంటుంది. చదువు పూర్తి కావడానికి సగటున ఎన్నేళ్లు పట్టింది, ఏడాదికి ఖర్చెంత, ఎంతమందికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంతమందికి లైసెన్స్ వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. ర్యాంకుల మీద పెట్టే సమయంలో పదో వంతు ఈ పట్టిక మీద పెట్టినా చాలామంది నష్టపోకుండా ఉంటారు. మధ్యలో మానేసినవారి గడిని ముందు చూడండి.

ఇక స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం చేశారో, ఇక ముందు ఏం చేయాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం. ఎక్కువ ఫైళ్లు ఆగిపోయేది ఇక్కడే. డ్రూ యాపిల్‌బీ, కారెన్ యాపిల్‌బీ అనే ఇద్దరు పరిశోధకులు సైకాలజీ ప్రవేశాల కమిటీల అధ్యక్షులనే అడిగి, దరఖాస్తును చంపేసే తప్పులేమిటో 2006లో ప్రచురించారు. బయటపడినవి ఐదు రకాలు: స్టేట్‌మెంట్లో చేటు చేసే రాతలు, పనికిరాని సిఫారసు లేఖలు, ప్రోగ్రామ్ గురించి ఏమీ తెలియకపోవడం, రాతలో లోపాలు, మెప్పించబోయి బెడిసికొట్టిన ప్రయత్నాలు. స్టేట్‌మెంట్ తప్పుల్లో ముఖ్యమైనవి, సొంత మానసిక సమస్యల గురించి రాయడం, లోకాన్ని ఉద్ధరించాలన్న తపనను అతిగా చెప్పుకోవడం.

ఎన్నో స్టేట్‌మెంట్లు ఇలా మొదలవుతాయి: "చిన్నప్పటి నుంచి మనుషుల మనసు తెలుసుకోవడమంటే నాకు ఎంతో ఇష్టం. బాధలో ఉన్నవాళ్లకు సాయం చేయడమే నా జీవితాశయం." ఈ రెండు వాక్యాలూ అబద్ధమని మేమనడం లేదు. కానీ ఆ కట్టలో ఉన్న ప్రతి అభ్యర్థీ వీటిని రాయగలడు. చదివే ప్రొఫెసర్‌కు వీటి వల్ల ఒక్క కొత్త సంగతీ తెలియదు. అదే విద్యార్థి ఇలా మొదలుపెట్టి ఉంటే చూడండి: "పరీక్షల వారంలో నిద్ర తగ్గితే జ్ఞాపకశక్తి ఎంత తగ్గుతుందో 46 మంది విద్యార్థుల మీద చూశాను. అనుకున్నంత తేడా రాలేదు. ఎన్ని గంటలు పడుకున్నారో వాళ్లనే అడిగి రాసుకోవడం దీనికి కారణం కావచ్చు. మణికట్టుకు కట్టే పరికరంతో నిద్రను నేరుగా కొలిచి ఇదే ప్రశ్నను మళ్లీ అడగాలనుకుంటున్నాను." ఇందులో పొగడ్త లేదు, ఆశయం లేదు. ఒక ప్రశ్న, ఒక పద్ధతి, ఒక వైఫల్యం, దాని కారణం, తర్వాతి అడుగు ఉన్నాయి. నిద్ర మీద పనిచేసే ప్రొఫెసర్ ఈ పేరా దగ్గర పెన్సిల్ తీసి గీత గీస్తారు.

అనుకున్న ఫలితం రాలేదని రాస్తే తక్కువవుతామని విద్యార్థులు భయపడతారు. సైకాలజీలో ఇప్పుడు పరిస్థితి వేరు. 2015లో ఒక పెద్ద పరిశోధకుల బృందం పేరున్న జర్నళ్లలోని 100 పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలబడే ఫలితం 36 శాతంలోనే వచ్చింది. అప్పటి నుంచి ఈ రంగం నమూనా పరిమాణం గురించి, ముందే రాసిపెట్టుకున్న ప్రణాళిక గురించి చాలా పట్టింపుగా ఉంది. తన పరిశోధన ఎక్కడ బలహీనమో తెలిసిన విద్యార్థికి గౌరవం దొరుకుతుంది. ఫలితం అద్భుతంగా వచ్చిందని రాసి, ఎంతమంది మీద చేశారో రాయనివాడి మీద అనుమానం పుడుతుంది.

స్టేట్‌మెంట్ మామూలుగా రెండు పేజీలు. అందులో మూడింట రెండు వంతులు చేసిన పనికి, మిగిలింది ఇక ముందు ఏం చేయాలి, అది ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎవరితో కుదురుతుంది అన్నదానికి. ఒకరిద్దరు ప్రొఫెసర్ల పేర్లు రాసి, వాళ్ల ఏ పని మీ ప్రశ్నకు ఎలా తగులుతుందో చెప్పాలి. ఐదు పేర్లు రాస్తే ఎవరూ తమను కోరుకున్నారని అనుకోరు.

సొంత మానసిక సమస్యల సంగతి జాగ్రత్తగా చెప్పాలి. డిప్రెషన్‌నో, ఇంట్లో జరిగిన ఒక విషాదాన్నో దాటి వచ్చి సైకాలజీ వైపు మళ్లినవాళ్లు చాలామంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలాంటివాళ్లు ఈ వృత్తికి ఎంతో అవసరమని కూడా నమ్ముతున్నాం. అయినా దాన్ని స్టేట్‌మెంట్లో పెట్టవద్దనే చెబుతాం. పదిహేను నిమిషాల్లో ఫైలు చదివి ముగించే అపరిచితుడికి దాన్ని ఎలా తూచాలో తెలియదు. కొందరు దాన్ని బలహీనతగా లెక్కేస్తారు. మనసు గురించి చదివిన రంగంలో ఇలా జరగడం అన్యాయమే. కానీ ఆ అన్యాయం బరువు ఇరవై రెండేళ్ల అభ్యర్థి తన ఒక్క దరఖాస్తు మీద మోయకూడదు. ఆ అనుభవం వల్ల మీరు చేసిన పని ఏదైనా ఉంటే, హెల్ప్‌లైన్లో రెండేళ్లు ఫోన్లు తీసి ఉంటే, ఆ పని గురించి రాయండి.

సిఫారసు లేఖల గురించి ఇప్పుడు విద్యార్థులతో కాదు, మా తోటి అధ్యాపకులతో మాట్లాడుతున్నాం. "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అనే పద్ధతి విద్యార్థికి సాయం కాదు, హాని. ఒకే చేత్తో రాసిన మూడు లేఖలు పక్కపక్కన పెట్టి చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది. "క్రమశిక్షణ గలవాడు, కష్టపడే తత్వం, క్లాసులో మొదటి స్థానం" అని రాసిన లేఖకు మార్కుల జాబితాను మించిన విలువ లేదు. విద్యార్థి పని చేస్తుంటే మీరు కళ్లారా చూసింది రాయండి. ఉదాహరణకు: ఆందోళన స్థాయిని కొలిచే ప్రశ్నావళిలో కొన్ని ప్రశ్నలు తలకిందులుగా ఉంటాయి, "నేను ప్రశాంతంగా ఉన్నాను" లాంటివి. వాటి స్కోరును తిరగేసి కలపాలి. అలా తిరగేయడం మరిచిపోతే ప్రశ్నల మధ్య పొంతన చూపే ఆల్ఫా విలువ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ విలువ తక్కువ రావడం చూసి, ఎక్కడో పొరపాటుందని తనంతట తాను వెతికి, 60 పత్రాలూ మళ్లీ ఎక్కించి, జరిగిన తప్పును దాచకుండా వచ్చి చెప్పిన విద్యార్థిని ఉందనుకోండి. ఆ నాలుగు వాక్యాలు రాస్తే చాలు, ల్యాబ్‌కు కావలసిన మనిషి దొరికినట్టే. లేఖ పేజీన్నర మించనక్కర్లేదు.

లేఖలు సాధారణంగా మూడు కావాలి. వాటిలో కనీసం రెండు, మీ పరిశోధనను దగ్గరగా చూసినవాళ్లవి ఉండాలి. బంధువులు, కుటుంబ మిత్రులు, పదవుల్లో ఉన్న పెద్దమనుషుల లేఖలు చేటే చేస్తాయి. ఎంత పెద్ద పేరయినా మీ పనిని చూడనివారి లేఖ ఖాళీ లేఖే. అడిగేటప్పుడు "లేఖ రాస్తారా సార్" అని అడగడం కంటే "బలంగా రాయగలనని మీకనిపిస్తేనే రాయండి మేడమ్" అనడం మంచిది. తప్పుకోవడానికి వాళ్లకు దారి ఉంటుంది. గడువుకు ఆరు వారాల ముందే సీవీ, స్టేట్‌మెంట్, ప్రోగ్రామ్‌ల పట్టిక, తేదీలు ఒకే పేజీలో ఇవ్వండి. దరఖాస్తులో వాళ్ల ఈమెయిల్ ఎక్కించగానే అప్‌లోడ్ లింకు వెళ్తుంది. అది తరచుగా స్పామ్‌లో పడుతుంది. వెళ్లిన రోజే ఫోన్ చేసి చూసుకోమనండి. లేఖను చూసే హక్కు వదులుకుంటున్నారా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. విద్యార్థుల రికార్డులకు సంబంధించిన అమెరికా చట్టం, 1974 నాటి ఫెర్పా, వాళ్లకు ఇచ్చిన హక్కు అది. వదులుకుంటున్నానని పెట్టడమే మేలు. విద్యార్థి చూస్తాడని తెలిసి రాసిన లేఖను కమిటీలు పూర్తిగా నమ్మవు.

మార్కులు, పరీక్షల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చాలా డిపార్ట్‌మెంట్లు 2020 తర్వాత జీఆర్‌ఈ ఎత్తేశాయి. స్కోరు తీసుకోబోమని రాసిన చోటికి పంపితే ఎవరూ చూడరు, ఐచ్ఛికమన్న చోట స్కోరు బాగుంటేనే పంపాలి. జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు, టోఫెల్ రెండేళ్లు చెల్లుతుంది. శాతాలను సొంత లెక్కతో జీపీఏగా మార్చి రాయకండి, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నదే రాయండి. మూడేళ్ల డిగ్రీ మాత్రమే ఉన్నవాళ్లు, అది సరిపోతుందో లేదో గ్రాడ్యుయేట్ స్కూల్‌ను ఈమెయిల్లో అడిగి ఆ జవాబు దాచుకోవాలి. కమిటీ నిజంగా వెతికేది స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ పేపర్లలో వచ్చిన మార్కుల కోసం. అవి తక్కువైతే ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా చేసిన ఒక విశ్లేషణ చూపించడం కొంత పూడుస్తుంది. గడువు ఎక్కువ చోట్ల డిసెంబర్ 1. అర్ధరాత్రి అంటే ఏ టైమ్‌జోన్‌లో అర్ధరాత్రో చూసుకుని, రెండు రోజుల ముందే పంపేయండి.

జనవరి నుంచి మార్చి దాకా ఇంటర్వ్యూలు. మీ పరిశోధనలో ఏం తప్పు జరిగింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు అని తప్పక అడుగుతారు. ఆ ల్యాబ్‌లో ఇప్పుడు చదువుతున్న విద్యార్థులతోనూ మాట్లాడిస్తారు, అది లాంఛనం అనుకోకండి. గైడ్ వారానికి ఎంతసేపు కలుస్తారు, రాసిచ్చింది ఎన్ని రోజుల్లో చదివి ఇస్తారు, ఫండింగ్ ఎన్నేళ్లకు హామీ, వేసవిలో స్టైపెండ్ ఉంటుందా, ఈ ల్యాబ్ నుంచి ఎవరైనా వెళ్లిపోయారా అని మీరు వాళ్లను అడగండి. చివరి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు వాళ్లు ఎంతసేపు ఆగారో గమనించండి.

అమెరికా పౌరులు కానివారు ముందే తెలుసుకోవలసింది ఒకటుంది. క్లినికల్ డాక్టరేట్ చివర్లో ఏడాది పాటు పూర్తికాలపు ఇంటర్న్‌షిప్ చేయాలి. పెద్ద సంఖ్యలో ఇంటర్న్ సీట్లున్న వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రులు ఆ దేశ పౌరులనే తీసుకుంటాయి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా పౌరులకు, శాశ్వత నివాసులకే. సీటు రాదని కాదు. ఫండింగ్ అంతా బయటి ఫెలోషిప్‌ల మీద ఆధారపడిన ల్యాబ్‌లో చేరితే రెండో ఏడాదికి చిక్కొస్తుంది. విదేశీ విద్యార్థులు గతంలో ఎక్కడ ఇంటర్న్‌షిప్ చేశారో ప్రోగ్రామ్ డైరెక్టర్‌ను ఇంటర్వ్యూలోనే అడగవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

ఆఫర్ వచ్చాక ఏప్రిల్ 15 గుర్తుపెట్టుకోవాలి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు, ఫండింగ్‌తో ఇచ్చిన ఆఫర్‌కు ఆ తేదీకి ముందే జవాబు ఇచ్చి తీరాలని ఒత్తిడి చేయకూడదు. "మూడు రోజుల్లో చెప్పు" అని ఎవరైనా తొందరపెడితే ఈ తీర్మానాన్ని మర్యాదగా గుర్తు చేయండి. అదే సమయంలో, రెండు ఆఫర్లుండి ఒకటి వద్దనుకున్న రోజే అక్కడికి ఈమెయిల్ పెట్టేయండి. ఆ సీటు కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్న మరో విద్యార్థి ఏప్రిల్ 14 రాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు.

సంపాదకులకు మా విన్నపం: మీ విద్యా పేజీలో ఏటా డిసెంబర్‌లో గడువు తేదీల పట్టిక వేస్తే విద్యార్థులకు అప్పటికే ఆలస్యం. జూన్ మొదటి వారంలో ఒకసారి, ప్రొఫెసర్ల పేజీలు మారే సెప్టెంబర్‌లో ఇంకోసారి ఈ సమాచారం వేయండి. ర్యాంకుల పక్కన ఏపీఏ ప్రోగ్రామ్‌లు ప్రకటించే పట్టికలోని రెండు అంకెలు, చదువు పూర్తికి పట్టే సగటు ఏళ్లు, మధ్యలో మానేసినవారి శాతం, చేర్చండి. కావలసిన పట్టికలు తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధం.

ఇట్లు,
సైకాలజీ అధ్యాపకులు